అమెరికా సైనిక వైద్య వ్యవస్థలో అలర్జీ, టీకా సేవలు

అమెరికా సైన్యంలో టీకా వేయించుకోవడం ఉద్యోగ నిబంధన. ఏ టీకా, ఎప్పుడు, ఎన్ని మోతాదులు అన్నది పైనుంచి వచ్చే ఉత్తర్వు తేలుస్తుంది. వద్దన్నవాడు క్రమశిక్షణ చర్యకు సిద్ధపడాలి. మామూలు పౌరుడికి ఉన్న వెసులుబాటు సైనికుడికి లేదు గనుక, టీకా వికటిస్తే చూసుకునే పూచీ కూడా ఉత్తర్వు ఇచ్చినవారిదే కావాలి. వినడానికి ఇది సబబైన మాటే గానీ, ఆచరణలోకి రావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. చివరకు ఆ బాధ్యతను తలకెత్తుకున్నది అలర్జీ, ఇమ్యునాలజీ వైద్యులు. సైనికులు, వారి కుటుంబాలు, పదవీ విరమణ చేసినవారు కలిపి సుమారు 95 లక్షల మందికి సైనిక వైద్య వ్యవస్థ వైద్యం అందిస్తోంది.

నేపథ్యం

1777 ఫిబ్రవరిలో జార్జి వాషింగ్టన్ తన సేనకు మశూచి రాకుండా రక్షణ కల్పించమని ఆదేశించాడు. జెన్నర్ కనిపెట్టిన మశూచి టీకా అప్పటికి లేదు. మశూచి పొక్కులోని రసాన్నే చర్మం మీద గాటు పెట్టి ఎక్కించేవారు. అందులో కొందరు చనిపోయేవారు. ఎక్కించకపోతే అంతకంటే ఎక్కువమంది పోయేవారు. సైనిక టీకాల వెనుక ఉన్న లెక్క ఇప్పటికీ దాదాపు ఇదే.

ఆ లెక్క ఘోరంగా తప్పింది 1942లో. ఎల్లో ఫీవర్ టీకా చెడిపోకుండా అందులో మనుషుల సీరం కలిపేవారు. దాంతోపాటు హెపటైటిస్-బి వైరస్ కూడా సైనికుల ఒంట్లోకి వెళ్లింది. సుమారు 50 వేల మంది కామెర్లతో మంచాన పడ్డారు. దశాబ్దాల తర్వాత రక్తపరీక్షల ఆధారంగా అంచనా వేస్తే వైరస్ సోకినవారు 3 లక్షల 30 వేల దాకా ఉంటారని తేలింది. 1942లోనే టీకాలోంచి సీరం తీసేశారు.

అడినోవైరస్ టీకాది మరో రకం కథ. శిక్షణ శిబిరాల్లో ఒకే గదిలో పదులకొద్దీ కుర్రాళ్లు పడుకుంటారు. ఆ వైరస్ ఒకరికి వస్తే బ్యారక్ అంతా జ్వరం, దగ్గు. 1971 నుంచి రిక్రూట్లకు మాత్రల రూపంలో ఇచ్చిన టీకా దాన్ని అదుపులో పెట్టింది. తయారుచేసే ఏకైక కంపెనీ 1996లో ఉత్పత్తి మానేసింది. 1999 నాటికి నిల్వలు అయిపోయాయి. కొత్త మాత్రలు శిబిరాలకు చేరేసరికి 2011 వచ్చింది. పన్నెండేళ్లపాటు ఆ జ్వరాలు మళ్లీ రాజ్యమేలాయి. వైద్యులకు అంతా తెలిసే జరిగిన నష్టం ఇది.

ఆంత్రాక్స్ వివాదం, టీకా వైద్య కేంద్రాలు

1998 మార్చిలో మొదలైన ఆంత్రాక్స్ టీకా కార్యక్రమం పెద్ద దుమారం రేపింది. పద్దెనిమిది నెలల్లో ఆరు మోతాదులు. చర్మం కిందికి ఇచ్చే సూది. సూది వేసిన చోట గడ్డకట్టి, ఎర్రబడి, రోజుల తరబడి సలపరించేది. ఈ బాధ ఆడవాళ్లలో మరీ ఎక్కువ. కొందరు సైనికులు నిరాకరించి శిక్షలు అనుభవించారు. 2004 అక్టోబరులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి టీకాను తప్పనిసరి చేయడాన్ని నిలిపివేశారు. ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిని మళ్లీ ఖరారు చేశాకే అది తిరిగి అమల్లోకి వచ్చింది.

కోర్టు సంగతి అలా ఉంచితే, సైనికుల అసలు ఫిర్యాదు వేరు. చెయ్యి వాచిందనో, కీళ్లు పట్టేశాయనో యూనిట్ వైద్యుడి దగ్గరికి వెళితే, అది టీకా వల్లే వచ్చిందా, తర్వాతి మోతాదు వేయవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారు లేరు. ఆ లోటు తీర్చడానికి అమెరికా కాంగ్రెస్ సూచనతో, వ్యాధి నియంత్రణ కేంద్రం సహకారంతో 2001లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మొదటి టీకా వైద్య కేంద్రం వెలిసింది. అక్కడి అలర్జీ విభాగాధిపతి కల్నల్ రెనేటా ఎంగ్లర్ దానికి సారథి. తర్వాత నార్త్ కరోలినా, వర్జీనియా, టెక్సాస్‌లలోని సైనిక ఆసుపత్రుల్లోనూ ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. నేడు ఈ పని డిఫెన్స్ హెల్త్ ఏజెన్సీలోని ఇమ్యునైజేషన్ హెల్త్‌కేర్ విభాగం కిందికి వస్తుంది.

ఈ కేంద్రాల వైద్యులు రోగిని నేరుగా చూస్తారు, దూరాన ఉన్న వైద్యులకు ఫోనులో సలహా ఇస్తారు, దుష్ప్రభావాలను జాతీయ నమోదు వ్యవస్థకు నివేదిస్తారు. టీకా నుంచి మినహాయింపు తాత్కాలికమా, శాశ్వతమా అన్న చిక్కుముడి విప్పడంలోనూ వీరి మాటకు విలువ ఉంటుంది. ఆంత్రాక్స్ సూది విషయంలో ఫిర్యాదులు వృథా పోలేదు. దాన్ని కండరంలోకి ఇస్తే వాపు బాగా తగ్గుతుందని అధ్యయనంలో తేలింది. 2008 డిసెంబరులో పద్ధతి మారింది; మోతాదులు కూడా ఐదుకు తగ్గాయి.

మశూచి టీకా: అలర్జీ చరిత్ర ఎందుకు అడగాలి

2002 డిసెంబరులో సైనికులకు మశూచి టీకా మళ్లీ మొదలైంది. అందులో ఉండేది బతికి ఉన్న వ్యాక్సీనియా వైరస్. రెండు మొనల సూదితో చేతి మీద పొడుస్తారు. అక్కడ పొక్కు లేచి, చీము పట్టి, చెక్కు కట్టి రాలిపోయేదాకా ఆ పుండు నుంచి వైరస్ ఇంకొకరికి అంటుకోగలదు. ఎగ్జిమా ఉన్న చర్మం మీద అది పడితే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే సైనికుడికే కాదు, ఇంట్లో ఎవరికైనా ఎగ్జిమా ఉన్నా ఈ టీకా వేయకూడదు.

2007లో ఈ నియమం ఎందుకో అందరికీ తెలిసొచ్చింది. టీకా వేయించుకున్న ఒక సైనికుడు, విదేశీ ప్రయాణం వాయిదా పడటంతో ఇంటికి వచ్చాడు. రెండేళ్లు దాటిన కొడుకుకి తీవ్రమైన ఎగ్జిమా ఉంది. పిల్లవాడి ఒళ్లంతా పొక్కులు తేలి షికాగో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ప్రత్యేక ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో పాటు అప్పటికి ప్రయోగ దశలోనే ఉన్న టెకోవిరిమాట్ మందు కూడా వాడి అతన్ని బతికించారు. ఇంట్లో ఎవరికి ఏ చర్మవ్యాధి ఉందో అడిగే ప్రశ్నపత్రానికి సూదికి ఉన్నంత ప్రాధాన్యం ఉంది.

అదే కార్యక్రమం మరో సంగతి బయటపెట్టింది. మొదటిసారి టీకా పొందిన 2,30,734 మందిలో 18 మందికి గుండె కండరం, దాని పొర వాచినట్లు 2003లో సైనిక వైద్యులు గుర్తించారు. ఇలా వెతకడం అలవాటై ఉండటం 2021లో అక్కరకొచ్చింది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా తర్వాత నాలుగు రోజుల్లో గుండె కండరం వాచిన 23 మంది పురుషుల వివరాలను వారు ఆ జూన్‌లోనే ప్రచురించారు. అప్పటికి సైన్యం వేసిన మోతాదులు 28 లక్షలకు పైమాటే. ముప్పు అరుదని చెబుతూనే దాన్ని దాచకపోవడం ఈ వ్యవస్థకు దక్కే మంచి మార్కు.

అలర్జీ చికిత్స

అలర్జీ సూదుల చికిత్స మూడు నుంచి ఐదేళ్లు సాగుతుంది. సైనికుడికి రెండు మూడేళ్లకోసారి బదిలీ. ఊరు మారినప్పుడల్లా మందు సారం మారితే మళ్లీ మొదటికొస్తుంది. సైన్యానికి సొంత అలర్జెన్ సారాల ప్రయోగశాల ఉండటానికి ఇదొక కారణం. రోగి పేరుతో తయారైన సీసాలు అతను పనిచేసే స్థావరానికి చేరతాయి. అక్కడ సూది వేసేది అలర్జీ, టీకా రెండు పనుల్లోనూ శిక్షణ పొందిన టెక్నీషియన్. సూది తర్వాత అరగంట కూర్చోబెట్టి, దద్దుర్లు గానీ ఆయాసం గానీ వస్తాయేమో చూసి పంపుతాడు. అలా వస్తే వాడే అడ్రినలిన్ పెన్ను పుట్టుక కూడా సైన్యంలోనే: నరాల విషవాయువుకు విరుగుడుగా సైనికులకు ఇచ్చిన సూది పరికరం నుంచే ఎపిపెన్ వచ్చింది.

పెన్సిలిన్ విషయంలో మెరైన్లు చేసిన పని పౌర ఆసుపత్రులకూ పాఠం. శిబిరాల్లో గొంతు ఇన్ఫెక్షన్లు, వాటి వెంట వచ్చే రుమాటిక్ జ్వరం రాకుండా రిక్రూట్లకు పెన్సిలిన్ ఇస్తారు. చిన్నప్పుడెప్పుడో దద్దు వచ్చిందని అమ్మ చెప్పిన మాటే ఆధారంగా చాలామంది ‘పెన్సిలిన్ పడదు’ అన్న ముద్రతో వస్తారు. శాన్ డియేగోలో అలాంటి 328 మందికి, చర్మ పరీక్ష కూడా లేకుండా, పర్యవేక్షణలో అమాక్సిసిలిన్ ఇచ్చి చూశారు. పడనిది అయిదుగురికే. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

మిగిలిన లోపాలు

అలర్జీ నిపుణుల కొరత తీరలేదు. ఎలక్ట్రానిక్ రికార్డు వ్యవస్థ జెనెసిస్ 2017లో మొదలై 2024కి గానీ అన్నిచోట్లకూ చేరలేదు. కోవిడ్ టీకా నిబంధన 2021 ఆగస్టు నుంచి 2023 జనవరి వరకే ఉన్నా, నిరాకరించిన 8 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. దాంతో దెబ్బతిన్న నమ్మకాన్ని ఏ కేంద్రమూ ఒక్కరోజులో తిరిగి తేలేదు. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది రిజర్వు సైనికులది. వారాంతపు డ్యూటీలో టీకా వేస్తారు, జ్వరమో వాపో ఇంటికి వెళ్లాక వస్తుంది. ఊళ్లోని డాక్టరుకు సైనిక రికార్డు కనబడదు. సైనిక ఆసుపత్రిలో చూపించుకోవాలంటే అది డ్యూటీలో వచ్చిన జబ్బేనని ముందు కాగితాలపై తేలాలి. ఉత్తర్వు ఇచ్చి టీకా వేసిన వ్యవస్థ ఇంకా సరిదిద్దుకోవలసిన పెద్ద లోపం ఇదే.