రాని వాడి కోసం రిజిస్టరు

ఎనిమిదో తరగతిలో మన లెక్కల మాస్టారు రోజూ పొద్దున్నే హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచేవారు. "ప్రెజెంట్ సార్" అని జవాబు రాకపోతే అక్కడ ఆగి, "వాడెక్కడరా? ఒంట్లో బాగోలేదా?" అని పక్కవాణ్ని అడిగేవారు. వరసగా మూడు రోజులు రాకపోతే సైకిలెక్కి ఇంటికి వెళ్ళేవారు. "వచ్చినవాడు ఎలాగూ కనబడతాడు. రిజిస్టరు రాని వాడి కోసంరా" అనేవారు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. అలాంటి మరో రిజిస్టరు చరిత్ర రాస్తున్నాను. అది లండన్‌లోని ఒక ఆసుపత్రిది. దానికీ మా ఇంటికీ సంబంధం ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్నగారు నలభై ఒకటో ఏట పోయారు. అంతకు నాలుగేళ్ళ ముందు మా పెదనాన్నగారూ అంతే. మొలలని కొన్నాళ్ళు, కడుపులో పుండని కొన్నాళ్ళు మందులు వాడారు. మా ఇంటి మగవాళ్ళకు ఆయుష్షు తక్కువని ఊళ్ళో అనుకునేవారు. ముప్పై నాలుగో ఏట నాకూ మలంలో రక్తం పడింది. డాక్టరు గారు మందు రాసే ముందు ఒక కాగితం తీసి, "మీ ఇంట్లో ఎవరెవరు, ఏ వయసులో, దేనితో పోయారో చెప్పండి" అన్నారు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరినీ ఎవరూ అడగలేదు. కొలనోస్కోపీలో నా పెద్దపేగు నిండా పులిపిర్లలాంటి పాలిప్స్ కనిపించాయి, వందల సంఖ్యలో.

ఈ జబ్బును ఫెమిలియల్ అడినోమాటస్ పాలిపోసిస్ అంటారు. సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడ, మగ తేడా లేదు. పాలిప్స్ ఎక్కువగా పది, పన్నెండేళ్ళ తర్వాత మొదలవుతాయి. నొప్పి ఉండదు. అలా వదిలేస్తే దాదాపు అందరికీ, సగటున నలభై ఏళ్ళ ప్రాంతంలో, వాటిలో ఏదో ఒకటి క్యాన్సరుగా మారుతుంది. మా నాన్నగారి వయసు నాకు అప్పుడు అర్థమైంది.

ఒకే ఇంటి తోబుట్టువుల్లో ఈ జబ్బు ఉందని 1882లోనే హారిసన్ క్రిప్స్ అనే బ్రిటిష్ సర్జన్ రాశాడు. అసలు పని మాత్రం సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో జరిగింది. దాన్ని 1835లో ఫ్రెడరిక్ సామన్ అనే సర్జన్ లండన్‌లో ఏడు పడకలతో, పేదల కోసం ప్రారంభించాడు. మలద్వారం, పేగు జబ్బులంటే మర్యాదస్తులు నోరెత్తని కాలమది. మన దగ్గర ఆ కాలం ఇంకా పూర్తిగా పోలేదు.

1925లో అక్కడి సర్జన్ లాక్‌హార్ట్ మమ్మరీ ఈ జబ్బున్న మూడు కుటుంబాల వివరాలు లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. కత్బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు 1922 నుంచి అదే ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. పెద్దపేగు క్యాన్సర్ దశలకు నేటికీ ఆయన పేరుంది. డ్యూక్స్ దగ్గర బస్సీ అనే కుర్రవాడు ల్యాబులో సహాయకుడిగా చేరాడు. వీళ్ళిద్దరూ రోగి పేరు దగ్గర ఆగిపోకుండా, అతని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, మేనత్తలు ఎవరెవరో రాసుకుంటూ వంశవృక్షాలు గీశారు. పాలిపోసిస్ రిజిస్టరు అలా పుట్టింది. బస్సీ దశాబ్దాల పాటు దాన్ని నడిపాడు. 1975లో ఆ కుటుంబాల మీద ఆయన రాసిన పుస్తకం ఈ రంగానికి మూలగ్రంథమైంది.

విద్యుత్ సబ్‌స్టేషన్‌లో పనిచేసినవాడిగా నాకు బస్సీ అంటే ప్రత్యేకమైన గౌరవం. మేము గంటగంటకూ ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ వేడిని లాగ్‌షీట్‌లో రాస్తాం. ఏ రోజు అంకె ఆ రోజు చూస్తే ఏమీ తెలియదు. మూడు నెలల షీట్లు వరసగా పరిస్తే ఏది కాలబోతోందో తెలుస్తుంది.

రిజిస్టరు ఫలితం బస్సీ లెక్కల్లోనే ఉంది. బాధ మొదలై తమంతట తాము ఆసుపత్రికి వచ్చినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అప్పటికే క్యాన్సర్ ఉంది. బంధువుల పేర్లు చూసి ఆసుపత్రి పిలిపించి పరీక్ష చేసినవారిలో అది పదిమందిలో ఒకరికన్నా తక్కువ. జబ్బు అదే, కుటుంబాలు అవే. తేడా పిలుపులో ఉంది. 1971లో డెన్మార్క్ దేశం మొత్తానికి ఇలాంటి రిజిస్టరు పెట్టుకుంది.

పిలిచాక చేయడానికి వైద్యం కూడా ఎదిగింది. పెద్దపేగు తీసి చిన్నపేగును పురీషనాళానికి కలిపే ఆపరేషన్ అక్కడ 1940ల చివర్లో మొదలైంది. పురీషనాళం కూడా తీయాల్సి వస్తే చిన్నపేగుతోనే సంచి కట్టే పద్ధతిని 1978లో అదే ఆసుపత్రి సర్జన్లు పార్క్స్, నికల్స్ ప్రకటించారు. సన్నని గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని 1954లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో హాప్‌కిన్స్‌తో కలిసి చూపినవాడు మన పంజాబీ నరీందర్ సింగ్ కపానీ. కోత లేకుండా పేగు లోపల చూసే కొలనోస్కోపు ఆ దారిలోనే వచ్చింది.

1986లో అమెరికాలో ఒక రోగి 5వ క్రోమోజోములో ఒక ముక్క లేదని హెర్రెరా బృందం గమనించింది. మరుసటి ఏడు వాల్టర్ బాడ్మర్ బృందం ఈ జబ్బున్న కుటుంబాల రక్తనమూనాలతో జన్యువు అక్కడే ఉందని తేల్చింది. 1991లో అమెరికా, జపాన్ శాస్త్రవేత్తలు ఆ జన్యువును పట్టుకున్నారు. దాని పేరు ఎ.పి.సి. వంశంలో ఎవరికీ లేకుండా వచ్చే మామూలు పెద్దపేగు క్యాన్సర్లలోనూ ఎక్కువ వాటిలో ఇదే జన్యువు పాడై ఉంటుంది. కొన్ని కుటుంబాలు దాచకుండా చెప్పిన సంగతులు అందరికీ పనికొచ్చాయి.

ఇక నేను దాచిన సంగతి. నా ఆపరేషన్ అయ్యాక మా పెదనాన్నగారి అబ్బాయికి చెప్పమని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అన్నయ్య కూడా మన బడిలోనే చదివాడు. అప్పుడు వాళ్ళ చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. "ఇప్పుడీ మాట బయటపడితే పిల్ల పెళ్ళి ఆగిపోతుంది" అని పెద్దవాళ్ళు అన్నారు. నేను ఎనిమిది నెలలు ఊరుకున్నాను. పెళ్ళి జరిగింది. అన్నయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి జబ్బు కాలేయానికి పాకింది. ముప్పై తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత చెల్లెలికి పరీక్ష చేయించాం. ఆమెకు ఏమీ లేదు. ఆ ఎనిమిది నెలలు ఎవరి కోసం దాచానో ఈనాటికీ తెలియదు.

మా పిల్లల విషయంలో ఆలస్యం చేయలేదు. అమ్మాయికి లేదు. అబ్బాయికి పన్నెండో ఏట రక్తపరీక్షలో తేలింది. ఏటా కొలనోస్కోపీ చేయిస్తూ, పంతొమ్మిదో ఏట ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఈ నాలుగు వాక్యాలు వాడి అనుమతితోనే రాస్తున్నాను. మా ఇద్దరికీ పరీక్షలు జీవితాంతం ఉంటాయి. మిగిలిన పురీషనాళాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ కూడా చూస్తూ ఉండాలి.

ఈ జబ్బున్నవారిలో సుమారు నాలుగో వంతు మందికి ముందు తరంలో ఎవరికీ ఉండదు. కాబట్టి వంశంలో లేదన్న ధీమా కూడా పనికిరాదు. మలంలో రక్తం పడితే మొలలని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి.

స్వర్ణోత్సవానికి వచ్చే మిత్రులను ఒక్కటే కోరుతున్నాను. ఇంటికి వెళ్ళాక ఒక తెల్లకాగితం మీద మీ తాతల నుంచి పిల్లల దాకా పేర్లు రాయండి. పోయినవారి పక్కన వయసు, కారణం రాయండి. తెలియకపోతే మీ అమ్మగారినో, మేనత్తనో ఇప్పుడే అడగండి. వాళ్ళు ఉండగానే అడగాలి. నలభై, యాభై ఏళ్ళకే పేగు క్యాన్సరుతో పోయినవారు ఒక్కరున్నా ఆ కాగితం డాక్టరుకు చూపించండి. తర్వాత అందులో ఉన్న ప్రతి పేరుకూ ఫోన్ చేయండి. సంబంధాలు, పెళ్ళిళ్ళు అయ్యేదాకా ఆగకండి.

మన మాస్టారు ఈ వేడుక చూడటానికి లేరు. ఆయన రిజిస్టరులో అన్నయ్య పేరు నా పేరుకు మూడు తరగతుల పైన ఉండేది.