బైలాకు ఎల్లలు, ఓటుకు గడువు

సూరత్ జిల్లా పల్లెలో పాలు పోసే రైతుకు సహకార సంఘం రెండు హామీలు ఇస్తుంది. ఒకటి పోసిన పాలకు ధర, రెండోది ఆ ధరను నిర్ణయించే పాలకవర్గం ఎంపికలో భాగం. మొదటిదాని గురించి నిత్యం చర్చ జరుగుతుంది. రెండోది ఎన్నికలు వచ్చినప్పుడే గుర్తుకొస్తుంది, రాకపోతే మరుగున పడుతుంది.

సూరత్ సహకార చరిత్ర సుదీర్ఘమైనది. సూరత్ పీపుల్స్ కోఆపరేటివ్ బ్యాంకు 1922లో, సుముల్ డెయిరీగా పేరొందిన జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ 1951లో ఏర్పడ్డాయి. బొంబాయి రాష్ట్రం విడిపోయాక 1961 నాటి గుజరాత్ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఏలుబడులు మారినా ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. పాలకవర్గంలో ఎవరు కూర్చోవాలో చెప్పేది సభ్యులు రాసుకున్న బైలానా, శాసనసభ చేసిన చట్టమా?

హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక సహకార బ్యాంకు వివాదంలో సుప్రీంకోర్టు 1969లో దీనికి స్పష్టమైన జవాబు చెప్పింది. బైలా చట్టంతో సమానం కాదు. అది కంపెనీ నియమావళి వంటిది, సభ్యుల మధ్య కుదిరిన ఒడంబడిక. నాసిక్ మర్చంట్స్ సహకార బ్యాంకు ఎన్నికల కేసు ఈ సూత్రానికి పదును పెట్టింది. బలహీన వర్గాలకు పాలకవర్గంలో స్థానాలు కేటాయించాలని చట్టం ఆదేశిస్తే, బైలాను ఇంకా సవరించలేదన్న సాకు చెల్లదని సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది.

గుజరాత్ చట్టం మరో అడుగు వేసింది. చక్కెర కర్మాగారాల వంటి పెద్ద సంఘాల ఎన్నికల నిర్వహణను 74-సి సెక్షన్ ద్వారా కలెక్టర్‌కు అప్పగించింది. బైలా మౌనంగా ఉన్నచోట ఏం చేయాలన్న సందేహం అమూల్ సమాఖ్య చైర్మన్‌పై పెట్టిన అవిశ్వాస తీర్మానంతో తలెత్తింది. బైలాలో ప్రస్తావన లేకపోయినా, ఎన్నుకున్నవారికి తొలగించే అధికారం ఉంటుందని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే బైలా రాతకే కాదు, మౌనానికీ ఎల్ల ఉంది.

అయితే చట్టసభలకూ ఎల్లలున్నాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద స్వతంత్రంగా నడుస్తున్న పాల సంఘాలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో తిరిగి 1964 చట్టం పరిధిలోకి లాగింది. సభ్యుల ఇష్టానికి విరుద్ధంగా సంఘం స్వరూపాన్నే మార్చడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. పాలకవర్గానికి ఐదేళ్ల గడువు, 21 మందికి మించని డైరెక్టర్లు, మహిళలకు రెండు స్థానాలు, ఎస్సీ లేదా ఎస్టీలకు ఒక స్థానం అందులో ఉన్నాయి. అన్నింటికన్నా ముఖ్యమైనది, పాత పాలకవర్గం గడువు ముగిసేలోగా ఎన్నిక జరిగి తీరాలన్న నిబంధన. కానీ సహకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో గుజరాత్ హైకోర్టు 2013లో ఆ అధ్యాయాన్ని కొట్టివేసింది. 2021 జూలై 20న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు దానిని బహుళ రాష్ట్ర సంఘాలకే పరిమితం చేసింది.

సమాఖ్య స్ఫూర్తికి అది విజయమే. కానీ దాని మూల్యం సభ్యుడు చెల్లించాడు. సకాలంలో ఎన్నిక అన్నది రాజ్యాంగ ఆదేశం కాకుండా పోయి, రాష్ట్ర ప్రభుత్వాల దయాదాక్షిణ్యాలకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన ప్రాథమిక వ్యవసాయ సంఘాల పాలకవర్గాల గడువు ముగిశాక, ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలే పెత్తనం చేశాయి. అధికార పార్టీలు మారాయి, ఆ అలవాటు మారలేదు.

బైలా గీత దాటితే దిద్దడానికి చట్టం ఉంది, చట్టం గీత దాటితే అడ్డుకోవడానికి రాజ్యాంగం ఉంది. ఎన్నికే పెట్టని ప్రభుత్వాన్ని నిలదీయడానికి రాష్ట్ర సంఘాల సభ్యుడికి ఉన్న రాజ్యాంగ గడువు మాత్రం 2021లో చేజారింది. దాన్ని సరైన పద్ధతిలో, రాష్ట్రాల ఆమోదంతో తిరిగి తీసుకురావాల్సిన బాధ్యత పార్లమెంటుదే.