బావి వెడల్పయిందా, స్కానర్ తప్పిందా?

ఈరోజు సోమందేపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ ఊరి బయట ఒక పాత మెట్లబావి ఉంది. రాళ్లు జారుతున్నాయేమోనని పోయినేడు లేజర్ స్కానర్‌తో కొలిచాం. ఈ ఏడు అద్దెకు తెచ్చిన ఇంకో స్కానర్ పెడితే, బావి అడ్డకొలత 12 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. "కూలేలోపే పూడ్చేద్దాం" అన్నారు కొందరు. నాకేమో అనుమానం. మట్టి ఒత్తిడికి గోడ లోపలికి రావాల గానీ, రెండు పక్కలా వెనక్కి ఎట్లా పోతుంది?

ఈ అనుమానం కొత్తది కాదండీ. బెంగళూరు, సోమందేపల్లి, గుత్తి మూడూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. రెండు వందల ఏళ్ల కిందట విలియం లాంబ్‌టన్ భూమిని కొలుచుకుంటూ ఈ దారెంబడే ఉత్తరానికి వెళ్లాడు. త్రిభుజాల లెక్కకు ముందు ఒక్క భుజమైనా నేల మీద స్వయంగా కొలవాల. దాన్నే బేస్‌లైన్ అంటారు.

ఆయన దగ్గరున్నది 100 అడుగుల ఉక్కు గొలుసు, 40 కడ్డీలు. లండన్‌లో రామ్స్‌డెన్ చేశాడు. చైనా చక్రవర్తికి కానుకగా తీసుకుపోతే ఆయన వద్దన్నాడట! అట్లా తిరిగి తిరిగి కలకత్తా మీదుగా లాంబ్‌టన్ చేతికి వచ్చింది.

1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల బేస్‌లైన్ కొలిచాడు. గొలుసును 400 సార్లు పరచాల. ఒక్కో పరుపులో 1 మిల్లీమీటరు తప్పినా చివరికి 40 సెంటీమీటర్లు! ఉక్కు ఎండకు సాగుతుంది కూడా. 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఈ గొలుసు 3.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, 400 సార్లకు దాదాపు మీటరున్నర. అందుకే గొలుసును చెక్కపెట్టెల్లో నీడన పరిచి, బరువు కట్టి లాగి, పక్కనే థర్మామీటర్లు పెట్టేవాడు. వాడేకొద్దీ కీళ్లు అరిగి గొలుసు సాగుతుంది కదా, అందుకని ఇంకో గొలుసును పనికి వాడకుండా దాచి, దాంతో పోల్చేవాడు. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా నచ్చేది ఆ దాచిన గొలుసే.

త్రిభుజాలు పోగా పోగా తప్పులు పోగవుతాయి. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర మళ్లీ నేల మీద కొలిచింది ఆ లెక్కను పరీక్షించడానికే.

సరే, మా స్కానర్ సంగతి. కాంతి వెళ్లి రావడానికి పట్టే టైమును బట్టి అది దూరం చెబుతుంది. లోపల సున్నా కొంచెం జరిగితే ప్రతి దూరానికీ అదే తప్పు కలుస్తుంది. పట్టుకోవడం సులువే. బడి మైదానంలో రెండు టార్గెట్లు నిలబెట్టాం. స్కానర్‌ను వాటి నడుమ పెడితే రెండు దూరాలనూ కూడాల, తప్పు రెండింతలవుతుంది. అదే గీత మీద బయట పెడితే పెద్ద దూరంలోంచి చిన్నది తీసేస్తాం, తప్పు కొట్టుకుపోతుంది. రెండు జవాబులకూ తేడా 11 మిల్లీమీటర్లు వచ్చింది. బావి నడుమ పెట్టినప్పుడూ జరిగింది అదే!

ఈ ఉపాయంతో సున్నా తప్పు ఒక్కటే దొరుకుతుంది. మొత్తం స్కేలే తప్పితే నడుమ పెట్టినా, బయట పెట్టినా ఒకే అబద్ధం చెబుతుంది. దానికి పొడవు ముందే తెలిసిన ఇంకో గీత కావాల, లాంబ్‌టన్ దాచిన గొలుసులాగా.

12లో 11 పోయాయి. మిగిలిన ఒక్క మిల్లీమీటరు మా కొలతకు అందేది కాదు. బావిని పూడ్చే మాట ప్రస్తుతానికి ఆగింది. టార్గెట్ల చోట సిమెంటు దిమ్మెలు కట్టించాం. వచ్చే ఏడు ఏ స్కానర్ తెచ్చినా, ముందు వాటి నడుమ నిలబెట్టి ఆ తర్వాతే బావిలోకి దించుతాం.