గ్రామచరిత్ర వ్రాయు బాలునకు పెద్దల తోడు

గ్రామపెద్దలారా!

పాఠశాలలో ఉపాధ్యాయుడు “మీ గ్రామచరిత్రమును వ్రాసికొని రండు” అని చెప్పినచో, బాలుడు మొట్టమొదట మీ యరుగు కడకే వచ్చును. “తాతా! మన యూరెప్పుడు పుట్టినది?” అని యడుగును. ఒక్కమాటలో దీనికి బదులు చెప్పగలవారరుదు. ఆ బాలుని పని యెట్లు సాగవలయునో, అందు మీ పాలెంతయో నేడు మనవి చేయదలచినాను.

ఇది క్రొత్త పని కాదు. రెండువందల యేండ్లకు పూర్వమే మన దేశమున జరిగినది. కుంపిణీ కొలువులో నుండిన కాలిన్ మెకంజీ దొర దక్షిణదేశమును కొలిపించుచు, దానితోపాటు గ్రామముల వృత్తాంతములను గూడ సేకరింపబూనెను. ఆయనకు దేశభాషలలో ప్రవేశము లేదు. ఆ కొఱతను తీర్చినవారు ఏలూరివారైన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లో చిన్నవయసుననే గతింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును తలకెత్తుకొనెను. వీరును వీరి సహచరులును ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, శాసనములకు నకళ్లు తీసి, వృద్ధులవలన విని వ్రాసినవే కైఫీయతులు. చెరువునెవరు త్రవ్వించిరి, గుడినెవరు కట్టించిరి, ఏ ప్రభువే మాన్యమిచ్చెను, ఊరికి పేరెట్లు వచ్చెను అనునవియే వాని విషయములు.

మెకంజీ 1821లో మరణించెను. ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరెను గాని, అంతటి పెత్తనమును దేశీయునకప్పగించుటకు నాటి దొరలు సమ్మతింపలేదు. పిమ్మట సి. పి. బ్రౌను, శిథిలమగుచున్న ఆ కాగితములలో పెక్కింటిని మరల వ్రాయించి కాపాడెను. కరణముల యిండ్లలోని కవిలెలు చాలవఱకు చెదలపాలైనవి. నాడు వ్రాసికొనిన నకళ్లే నేడు మనకు దిక్కు.

బాలునకు వారి పద్ధతియే చాలును. మొదట ప్రశ్నను చిన్నది చేయవలయును. “మా యూరి చరిత్ర” యనినచో అంతు దొరకదు. “మా చెరువునెవరు త్రవ్వించిరి?” అనినచో అడుగు పెట్టుటకు తావు దొరకును. పిమ్మట ఆ ప్రశ్నకు సాక్ష్యము చెప్పగలవి యేవో జాబితా వ్రాసికొనవలయును. సాక్ష్యములు మూడు తెఱగులు: రాయి, కాగితము, నోరు. తూము కడనో గుడి ముంగిటనో నిలిచిన శాసనము రాయి. దానపత్రములు, పట్టాలు, పాత లెక్కలు కాగితము. నోరు మీరే.

శాసనమున శాలివాహనశకము కనబడినచో, దానికి 78 కలిపిన క్రీస్తుశకము దాదాపుగా వచ్చును. సంవత్సరపు పేరు మాత్రమే యున్నచో తొందరపడరాదు. ప్రభవాది నామములు అరువదియేండ్లకొకమాఱు తిరిగివచ్చును గదా! 1927లో వచ్చిన ప్రభవ 1987లో మరల వచ్చినది. చెరిగిన అక్షరమును ఊహతో పూరింపక, అచ్చట ఖాళీ విడువవలయును.

ఇక మీ మాట. “పెద్దలు చెప్పిరి” అని వ్రాసిన చాలదు. చెప్పినవారెవరు, వయస్సెంత, కన్నదా విన్నదా యని బాలుడు గుర్తించుకొనునట్లు చూడుడు. రెండిండ్లవారు రెండు విధముల చెప్పినచో రెండును వ్రాయనిండు. పెద్దింటివారి మాటను నిలిపి పేదవాని మాటను కొట్టివేయుట చరిత్ర గాదు. చెరువు త్రవ్వించినవాని పేరు శాసనమున నుండును. తట్ట మోసినవారి జ్ఞాపకము వారి వాడలోనే యుండును. బాలునచ్చటికి గూడ పంపుడు.

ఒక పల్లెలోని రాయి యేమి చేయగలదని యందురేమో! కాకతి రుద్రమదేవి 1295 ప్రాంతమువఱకు ఏలెనని చరిత్రకారులు చాలకాలము వ్రాసిరి. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరకిన శాసనము శకము 1211, అనగా క్రీ.శ. 1289 నాటిది. రుద్రమదేవియు, మల్లికార్జున నాయకుడును శివసన్నిధి చేరిరనియు, వారి పుణ్యమునకై పువ్వుల ముమ్మడి యనునతడు సోమనాథదేవునికి భూమినిచ్చెననియు అందున్నది. రాణి అప్పటికే గతించెనని తేలినది. ఒక పల్లె రాయి పెద్దపెద్ద గ్రంథములను దిద్దినది.

ఆ రాతిమీద ఎవరైన బట్టలుతికి అరగదీసియుండినచో, గోడలో బెట్టి కట్టియుండినచో, ఆ సత్యము మనకు దక్కెడిదా? కావున మీ యూరి శాసనముమీద సున్నము పూయనీయకుడు. దానిని పునాదికి వాడనీయకుడు.

బాలుడు వ్రాసినదానికి ఉపాధ్యాయుడు మార్కులు వేసిన పిదప, దానిని చిత్తుకాగితములలో పడవేయనీయక, ఒక ప్రతిని పాఠశాలలోను, మఱియొక ప్రతిని పంచాయతీ కార్యాలయమునందును భద్రపఱపుడు. ఏబదియేండ్లకు మఱియొక బాలుడు అదే ప్రశ్నతో వచ్చును. బదులు చెప్పుటకు అప్పుడు మనముండము, ఆ కాగితముండును.