కత్తెరకో కిస్సా

"ఊరికే కత్తెర ఆడించకే, ఇంట్లో పోట్లాటలొస్తాయి!" అని మా అమ్మ కేకలేసేది. మీ ఇళ్ళలోనూ ఈ మాట వినే ఉంటారు. ఇవాళ ఆ కత్తెర గురించే నాలుగు మాటలు చెబుతాను.

మన కత్తెర సంస్కృతంలోని 'కర్తరి' నుంచి వచ్చింది. హైదరాబాదులో మా పక్కింటి ఉర్దూ ఆవిడ 'కైంచీ' అంటుంది. అది తుర్కీ భాషల మాట. నేను చెప్పబోయేది మూడోది, అరబ్బులది.

అరబ్బీలో కత్తిరించడం 'కస్స్'. ముందు 'మి' చేరిస్తే పనిముట్టు పేరవుతుంది. తెరవడం 'ఫతహ్', తాళంచెవి 'మిఫ్తాహ్'. అలాగే కత్తిరించేది 'మికస్'.

అరబ్బు వర్తకులు ఋతుపవనాలను పట్టుకుని తూర్పు ఆఫ్రికా తీరానికి ఓడల్లో వెళ్ళేవారు. 1331లో ఇబ్న్ బటూటా అనే యాత్రికుడు వెళ్ళేనాటికే అక్కడ కిల్వా పెద్ద రేవు. ఆ తీరంలో మాట్లాడే స్వాహిలీలోకి ఈ మాట 'మ్‌కాసి' అయి చేరింది. మనకి బహువచనానికి చివర 'లు' వస్తుంది కదా, వాళ్ళకి మాట మొదట్లోనే మారుతుంది. చెట్టు 'మ్‌టి', చెట్లు 'మిటి'. అంచేత కత్తెర 'మ్‌కాసి', కత్తెరలు 'మికాసి'! అరబ్బుల పనిముట్టు గుర్తు కాస్తా వీళ్ళింట్లో లెక్క గుర్తయి కూర్చుంది. పుస్తకాన్నీ వదల్లేదు: ఒకటైతే 'కితాబు', ఎక్కువైతే 'వితాబు'. నవ్వకండి, మనం మాత్రం? బిరుదనే అర్థమున్న అరబ్బీ 'ఖితాబ్'ని తెచ్చుకుని, ఎవరైనా మెచ్చుకుంటే "కితాబిచ్చారు" అంటున్నాం.

పడమటి ఆఫ్రికాలో హౌసా వాళ్ళు అరబ్బీ 'అల్'ని కూడా కలిపేసుకుని 'అల్మకాషి' అన్నారు. వాళ్ళ దగ్గర యొరుబా వాళ్ళు తీసుకుని 'అలుమోగాజి' చేశారు. తుర్కులు 'మకాస్' అన్నారు. 1521లో సుల్తాన్ సులేమాన్ బెల్‌గ్రేడ్ పట్టుకున్నాడు. ఆ ఏలుబడి పోయినా సెర్బియా ఇళ్ళలో కత్తెర ఇప్పటికీ 'మకాజె'యే. రుమేనియాలో మరీ చిత్రం. అక్కడ 'మకాజ్' బట్టలు కత్తిరించదు, రైలుని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్ళిస్తుంది!

ఇదంతా ఎందుకు వెతికానంటే, మా మామగారు నా ఉత్తరాల్లో 'జేబు' అని కనిపిస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు, పరాయిమాట అని. జేబు అరబ్బీదే, ఒప్పుకుంటాను. దాని బదులు ఏం రాయాలో మాత్రం ఆయనా చెప్పలేదు. ఆ ఉత్తరాలు దిద్దింది కుర్చీలో కూర్చునే. కుర్చీ కూడా అరబ్బీదేనని తెలిసేసరికి ఆయన లేరు.

ఇంకొక్క ముక్క. 'కస్స్' అంటే అరబ్బీలో అడుగుజాడలు పట్టుకుని వెళ్ళడమనే అర్థమూ ఉంది. అందులోంచి పుట్టిందే 'కిస్సా', అంటే కథ. కైంచీ అడగడానికొచ్చిన మా పక్కింటావిడ గుమ్మంలో నిలబడి "క్యా కిస్సా హై?" అంటూ మొదలుపెడుతుంది. 'మికస్' మా వీధికి రాలేదు గానీ, దాని తోబుట్టువు రోజూ వస్తూనే ఉందన్నమాట.