డెల్టా

నది సముద్రంలో కలిసే చోట, అది మోసుకువచ్చిన ఒండ్రుమట్టి మేట వేయగా ఏర్పడే పల్లపు మైదానాన్ని డెల్టా అంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లో గోదావరి, కృష్ణా నదుల డెల్టాలు పక్కపక్కనే ఉన్నాయి. గంగా, బ్రహ్మపుత్ర నదులు కలిసి ఏర్పరచిన డెల్టా ప్రపంచంలోని అతిపెద్ద డెల్టాలలో ఒకటి.

పేరు

గ్రీకు అక్షరమాలలో నాలుగవ అక్షరం పేరు డెల్టా. దాని పెద్ద అక్షరం త్రిభుజాకారంలో ఉంటుంది. ఈజిప్టులో నైలు నది సముద్రంలో కలిసే చోటి భూమి కూడా అదే ఆకారంలో ఉండుట వలన ప్రాచీన గ్రీకులు దానిని ఈ పేరుతో పిలిచారు. అయితే అన్ని డెల్టాలూ త్రిభుజాకారంలో ఉండవు. అమెరికాలోని మిసిసిపీ డెల్టా పక్షి పాదాన్ని పోలి ఉంటుంది.

ఏర్పడే విధానం

వేగంగా ప్రవహించే నది ఇసుకను, మట్టిని తనతో మోసుకుపోతుంది. సముద్రాన్ని సమీపించేసరికి నేల వాలు తగ్గి, ప్రవాహం మందగిస్తుంది. ముందుగా బరువైన ఇసుక, తరువాత సన్నని ఒండ్రు అడుగుకు చేరతాయి. ఈ మేటలు దారికి అడ్డు కావడంతో నది పాయలుగా చీలుతుంది. అలలు, ఆటుపోట్లు తీసుకుపోయే మట్టి కంటే నది తెచ్చే మట్టి ఎక్కువగా ఉన్నపుడే డెల్టా పెరుగుతుంది. పశ్చిమంగా ప్రవహించే నర్మద, తపతి నదులకు ఇటువంటి డెల్టాలు లేవు. వాటి ముఖద్వారాలలో సముద్రపు పోటు నీరు నదిలోనికి చాలా దూరం వస్తుంది.

ముఖ్యమైన పదాలు

* పాయ: నది నుండి చీలి వేరుగా ప్రవహించే శాఖ. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అను రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుండి వైనతేయ విడివడుతుంది. గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్న ప్రాంతమే కోనసీమ. కృష్ణా నది పాయల నడుమ ఉన్నది దివిసీమ.
* లంక: నదిలో ఇసుక, ఒండ్రు మేట వేయగా ఏర్పడిన దీవి. గోదావరి ప్రాంతంలో అనేక ఊళ్ళ పేర్లు "లంక"తో ముగుస్తాయి.
* మడ అడవి: ఉప్పునీరు, మంచినీరు కలిసే బురద నేలలలో పెరిగే అడవి. గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి మడ అడవులు ఉన్నాయి.
* ఉప్పెన: తుఫాను గాలుల వలన సముద్రపు నీరు ఉవ్వెత్తున లేచి భూమిపైకి రావడం.

జనజీవనం

ఒండ్రు నేలలు సారవంతమైనవి, సమతలమైనవి. అందువలన డెల్టాలలో వ్యవసాయం, జనసాంద్రత ఎక్కువ. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. వీటి కాలువల వలన రెండు డెల్టాలలోనూ వరి సాగు విస్తరించింది. 1952లో కృష్ణా ఆనకట్టకు గండి పడగా, దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజీ 1957లో ప్రారంభమైంది.

నేల పల్లంగా ఉండుట వలన వరదలు, ఉప్పెనల భయం కూడా ఎక్కువే. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో వేలాదిమంది మరణించారు. మడ అడవులు అలల ఉధృతిని కొంతవరకు తగ్గిస్తాయి.

ఒండ్రు కొరత

డెల్టా ఒకసారి ఏర్పడి స్థిరంగా నిలిచిపోయే భూమి కాదు. పాత మట్టి తన బరువుకే అణగి, నేల నెమ్మదిగా క్రుంగుతుంది. ఏటా వరదతో వచ్చే కొత్త ఒండ్రు ఆ లోటును పూరిస్తుంది. నదిపై పెద్ద జలాశయాలు కట్టినపుడు ఒండ్రు అధిక భాగం వాటిలోనే నిలిచిపోతుంది. 1970లో అస్వాన్ హై డ్యాం పూర్తయిన తరువాత నైలు డెల్టాకు ఒండ్రు రావడం దాదాపు ఆగిపోయి, తీరం కోతకు గురైంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాల వలన కృష్ణా డెల్టాకు చేరే ఒండ్రు కూడా బాగా తగ్గింది.

ఒండ్రు తగ్గి, సముద్రమట్టం పెరిగినపుడు తీరం కోతకు గురవుతుంది, బావుల నీరు ఉప్పగా మారుతుంది, పంటపొలాలు చౌడుబారుతాయి. పొలానికి నీరు అందించే జలాశయమే ఆ పొలాన్ని నిలిపే మట్టిని ఆపివేయడం డెల్టా ప్రాంతాలు ఎదుర్కొంటున్న ప్రధాన సమస్య.