కరకట్ట మీద సైకిల్ బాట

ఇటలీకి ఉత్తరపు కొసన, ఆల్ప్స్ కొండల్లో దక్షిణ టిరోల్ అనే సీమ ఉంది. అక్కడ ఆస్ట్రియా సరిహద్దున, రెషెన్ కనుమ దగ్గర సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఆదిజె నది పుడుతుంది. ఇటలీలో పో నది తర్వాత పొడవైన నది ఇదే. 410 కిలోమీటర్లు పారి ఆడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. కొండ దిగి మెరానో, బోల్జానో, ట్రెంటో మీదుగా వెరోనా చేరేదాకా దీని వెంట సైకిల్ బాట ఉంది. చాలా దూరం ఒక్క కారు కూడా ఎదురుపడదు. ఒక పక్క ఆపిల్ తోటలు, ఇంకో పక్క ద్రాక్ష పందిళ్లు, పైన కొండల మీద మంచు. యూరప్ నలుమూలల నుంచి జనం మూటాముల్లె సైకిలుకు కట్టుకుని ఇక్కడికొస్తారు.

బాట మీద తారు పరిచింది సైకిళ్ల కోసమే. ఆ తారు కింది నేలను మాత్రం వేర్వేరు కాలాల వాళ్లు వేర్వేరు అవసరాలకు సిద్ధం చేశారు. సైన్యాలను నడపాలని ఒకరు, వరదను ఆపాలని ఒకరు, ఆపిల్ పండ్లను వియన్నాకు పంపాలని ఇంకొకరు. ఈ బాట పుట్టుక తెలియాలంటే ముందు లోయలో నీళ్ల కథ తెలియాలి.

మొదట దారి వేసింది రోమన్లు. క్రీ.పూ. 15లో అగస్టస్ చక్రవర్తి సవతి కొడుకు డ్రూసస్ ఆల్ప్స్ తెగల మీద యుద్ధానికి వచ్చి, సేనల కోసం ఈ లోయలో బాట తెరిచాడు. అతని కొడుకు క్లాడియస్ చక్రవర్తి అయ్యాక, క్రీ.శ. 46-47లో దాన్ని పక్కా రహదారిగా కట్టించాడు. అదే వియా క్లాడియా అగస్టా. ఈ సంగతి చెప్పే మైలురాయి ఒకటి మెరానోకు ఎగువన రాబ్లాండ్ ఊళ్లో 1552లో దొరికింది. పో నది నుంచి డాన్యూబ్ నది దాకా ఈ బాటను తన తండ్రి తెరిచాడనీ, తాను కట్టించాననీ క్లాడియస్ దాని మీద చెక్కించుకున్నాడు. అలాంటిదే ఇంకో రాయి చెసియోమజ్జోరే అనే ఊళ్లో బయటపడింది. దాని మీద దూరం 350 రోమన్ మైళ్లని ఉంది, అంటే సుమారు 520 కిలోమీటర్లు. ఇవాళ జర్మనీ నుంచి ఆల్ప్స్ దాటి ఇటలీకి వచ్చే సైకిల్ మార్గానికీ ఈ రోడ్డు పేరే పెట్టుకున్నారు.

అలాగని ఇవాళ్టి సైకిల్ చక్రం రోమన్ రాళ్ల మీదే దొర్లుతోందని అనుకోలేం. మెరానోకు దిగువన ఇప్పుడు బాట నది పక్కనే సాగుతుంది. పాతకాలంలో అక్కడ కాలు పెట్టే వీలే లేదు. లోయ అడుగంతా ఊబి, రెల్లు, దోమలు, చలిజ్వరం. నది ఏటేటా దారి మార్చుకునేది. అందుకే పాత ఊళ్లన్నీ కొండవాగులు తెచ్చి పోసిన రాళ్ల మేటల మీదా, కొండ వాలుల మీదా వెలిశాయి. పాత దారులూ కొండ అంచునే పట్టుకుని నడిచాయి.

ఎగువన మెరానో నుంచి మాల్స్ ఊరి మీదుగా రెషెన్ దాకా ఉన్న భాగాన్ని ఫిన్ష్‌గావ్ అంటారు. అక్కడి కష్టం దీనికి సరిగ్గా వ్యతిరేకం. చుట్టూ ఎత్తయిన కొండలు మబ్బుల్ని అడ్డుకోవడంతో ఏడాదికి దాదాపు 500 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఆల్ప్స్ మొత్తంలో ఇంత వర్షాభావం ఉన్న లోయలు కొన్నే. పైన హిమానీనదాలు కరిగి వాగుల్లో నీళ్లు పారుతుంటాయి, కింద చేను ఎండుతుంటుంది. రైతులు కొండ చరియల వెంట కాల్వలు తవ్వి, బండలు అడ్డొచ్చిన చోట చెక్క దోనెలు వేలాడదీసి ఆ నీటిని పొలాలకు మళ్లించుకున్నారు. ఈ కాల్వల్ని వాళ్లు వాల్ అంటారు. మెరానో దగ్గరి మార్లింగ్ కాల్వ 12 కిలోమీటర్ల పొడవు. దాన్ని 18వ శతాబ్దంలో క్రైస్తవ మఠవాసుల పూనికతో తవ్వారు.

కాల్వను కాచుకోవడానికి వాలర్ అనే మనిషి ఉండేవాడు. మన చెరువు కింద నీరటికాడు చేసే పనే అతనిదీ. వంతుల ప్రకారం నీళ్లు వదలడం, గండి పడితే పూడ్చడం, ఆకులూ కొమ్మలూ తీసెయ్యడం. రాత్రిళ్లు కాల్వ పొడవునా తిరగలేడు గనక నీటిలో చిన్న చెక్క చక్రం పెట్టి, దానికి సుత్తి, గంట బిగించేవాడు. నీరు పారినంతసేపూ గంట మోగుతుంది. గంట ఆగిందంటే ఎక్కడో కాల్వ తెగిందనో పూడిందనో అర్థం. అతను లాంతరు పట్టుకుని బయల్దేరేవాడు. ఈ లోయలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ గంటే. వాలర్ తిరగడానికి కాల్వ గట్టున వేసుకున్న సన్నని కాలిబాటలే ఇప్పుడు నడక యాత్రికులకు పేరుపడ్డ దారులు. కొన్ని కాల్వల్లో నీళ్లు ఇప్పటికీ పారుతున్నాయి.

దిగువ లోయ కథ మార్చింది 19వ శతాబ్దం. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉంది. నది వంకరల్ని కోసి తిన్నగా చేశారు, రెండు పక్కలా కరకట్టలు పోశారు, ఊబినేలల్లో మురుగు కాల్వలు తవ్వారు. ట్రెంటోలోనైతే రైలు మార్గానికి చోటు కోసం 1850లలో నదినే ఊరి పక్కకు జరిపారు. 1882 సెప్టెంబరులో పెద్ద వరద వచ్చి బోల్జానో నుంచి వెరోనా దాకా ముంచేసింది. ఆ దెబ్బతో కట్టల పని ఊపందుకుంది. కట్ట కడితే సరిపోదు, ఏడాది పొడవునా చూసుకోవాలి. అందుకని గట్ల మీద బండి నడిచేంత బాట ఉంచారు. నూరేళ్ల తర్వాత సైకిల్ బాట పరచుకున్నది చాలాచోట్ల అక్కడే. అది అంత చదునుగా, తిన్నగా ఉండటానికి కారణం ఇదే. దాని పక్కన కనిపించే ఆపిల్ తోట కూడా ఆ ఎండబెట్టిన ఊబిలోనే నాటిన తోట.

తోట వేస్తే సరా, పండు అమ్ముడుపోవాలి. 1867లో ఉత్తరాన ఆల్ప్స్ దాటే బ్రెన్నర్ కనుమ మీదుగా రైలు మార్గం పడింది. 1881లో బోల్జానో నుంచి మెరానోకు, 1906లో మెరానో నుంచి మాల్స్‌కు పట్టాలు వచ్చాయి. మెరానో చుట్టుపక్కల పండించిన మేలురకం ఆపిళ్లను ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి వియన్నాకు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పంపేవారు. టిరోల్‌కు ధాన్యపు గాదె అనిపించుకున్న ఫిన్ష్‌గావ్ కూడా 20వ శతాబ్దంలో గోధుమ, రై పంటలు వదిలి ఆపిల్‌కు మారింది. ఇప్పుడు దక్షిణ టిరోల్‌లో దాదాపు 18,000 హెక్టార్ల ఆపిల్ తోటలున్నాయి. యూరప్ ఆపిళ్లలో పదో వంతు ఇక్కడివే. ద్రాక్ష అంతకన్నా ఎంతో పాతది, రోమన్లు రాకముందే ఉంది. కొండవాలున పందిళ్ల మీద ఎర్ర ద్రాక్ష, కింద చదును నేలలో ఆపిల్ అని పంటలు చోటు పంచుకున్నాయి.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఈ సీమ ఇటలీ చేతికి వచ్చింది. జర్మన్ మాట్లాడే జనం రోమ్ పాలన కింద చాలా నలిగారు. 1950లో విద్యుత్తు కోసం రెషెన్ దగ్గర ఆనకట్ట కట్టి గ్రౌన్ ఊరిని ముంచేశారు. 14వ శతాబ్దపు చర్చి గోపురం ఒక్కటే ఇప్పటికీ నీళ్లలోంచి తల ఎత్తి నిలబడి ఉంది. దాన్ని చూసి ఫొటో తీసుకుని కదిలే యాత్రికులు, ఆ నీటి కింద ఇళ్లు కోల్పోయిన కుటుంబాలున్నాయని కూడా తలచుకోవాలి. 1972లో విస్తృత స్వయంపాలన వచ్చాక గానీ స్థానిక వ్యవహారాలు చాలావరకు స్థానికుల చేతికి రాలేదు.

ఈలోగా కార్లు పెరిగి చిన్న రైళ్లు మూతపడ్డాయి. బోల్జానో నుంచి కాల్టర్న్‌కు ద్రాక్ష తోటల మధ్య 1898లో వేసిన రైలు దారి మూతపడి, దాని మీదే ఇవాళ సైకిళ్లు నడుస్తున్నాయి. రైలు బండి నిటారు వాలు ఎక్కలేదు గనక ఆ దారి వాలు మెత్తగా ఉంటుంది, సైకిలు తొక్కేవాడికి అది వరం. మాల్స్ రైలు కూడా 1990లో ఆగిపోయింది. దాని అదృష్టం వేరు. స్వయంపాలన ప్రభుత్వమే ఆ మార్గాన్ని తీసుకుని బాగుచేసి, 2005లో మళ్లీ నడిపించింది. సైకిల్ యాత్రను సామాన్యులకు అందించింది ఆ రైలే అని నేనంటాను. మాల్స్ వెయ్యి మీటర్ల ఎత్తున, మెరానో 325 మీటర్ల దగ్గర ఉన్నాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో రైల్లో పైకెక్కి, స్టేషన్లో అద్దె సైకిలు తీసుకుని, కిందికి దిగుతూ రావచ్చు. పక్కనే స్టెల్వియో కనుమ ఉంది, 2,757 మీటర్ల ఎత్తు, ఇటు వైపు 48 వంపులు. 1953 జీరో దిటాలియా సైకిల్ పందెంలో ఇటలీ పందెగాడు ఫౌస్టో కొప్పి దాన్నెక్కి పేరు మోశాడు. అది వీరుల దారి. లోయ బాట అందరిదీ.

తోటల మధ్య సాగడంలో ఒక చిక్కుంది. ఆపిల్ తోటకు మందులు తరచూ కొట్టాలి, ఆ మందు గాలికి బాట మీదికీ, పక్క చేలకూ కొట్టుకొస్తుంది. మాల్స్ పురప్రజలు 2014లో రసాయన పురుగుమందులు వద్దంటూ ఓటు వేశారు. ఓటేసిన వారిలో నాలుగింట మూడు వంతుల మంది ఆ వైపే నిలిచారు. ఆపిల్ రైతులు కోర్టుకెళ్లారు, తగవు ఏళ్లపాటు నడిచింది. రైతు బాధ నిజమే అయినా, ఊళ్లో జనం ఏ గాలి పీల్చాలో చెప్పే హక్కు ఊరికి ఉండాలని నా అభిప్రాయం.

వెళ్లదలచిన వారికి ఏప్రిల్ పూతకాలం, ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా కోతకాలం. ఏప్రిల్లో గడ్డకట్టే రాత్రులొస్తే పూత మీద స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లుతారు. నీరు గడ్డకడుతూ వదిలే వేడికి లోపలి మొగ్గ బతుకుతుంది. తెల్లారేసరికి చెట్లన్నీ గాజు తొడిగినట్టుంటాయి. ట్రెంటో పరిసరాల్లో మధ్యాహ్నం గార్డా సరస్సు వైపు నుంచి ఎదురుగాలి లేస్తుంది, దక్షిణానికి పోయేవారు పొద్దున్నే బయల్దేరాలి. కోత రోజుల్లో పెట్టెలు వేసుకున్న ట్రాక్టర్లు చాలాచోట్ల అదే బాట మీద వస్తాయి. వాటికి దారి వదలండి, చేతికందే ఎత్తులో ఉన్నా పండు కోయకండి. ఆ బాట మీద మొదటి హక్కు ఆ రైతులదే.